గర్భంతో ఉన్నన్నాళ్లూ రక్తం పలచబడే ఇంజెక్షన్: నా అనుభవం

రెండోసారి గర్భం నిలిచిందని తెలియగానే నేను చేసిన మొదటి పని మా డాక్టర్ మేడమ్‌కి ఫోన్ చేయడం. మొదటి కాన్పుకి ముందు నా ఎడమ కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. అప్పుడే ఆవిడ గట్టిగా చెప్పి పంపారు, "మళ్లీ గర్భం వస్తే మూడో నెల దాకా ఆగొద్దమ్మా, టెస్టులో తేలిన రోజే నాకు చెప్పు" అని. అలాగే చెప్పాను. ఆ వారంలోనే రోజుకో ఇంజెక్షన్ మొదలైంది. కాన్పు దాకా, కాన్పు తర్వాత ఆరు వారాల దాకా అది సాగింది.

ఈ మందు వాడానని తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే, "అన్ని రోజులు సూది ఎలా గుచ్చుకున్నావు?" అని. సూది కొన్నాళ్లకి అలవాటైపోతుంది. నేను ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది మిగతా విషయాల మీద. ఏ టైముకి వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోకూడదు, ఎవరెవరికి ముందే చెప్పాలి, ఏది కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. వీటి గురించి వివరంగా చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మొదటిసారి ఏం జరిగిందో చెప్పాలి. ఏడో నెలలో ఎడమ కాలు వాచింది. నెలలు నిండుతుంటే కాళ్లు వాయడం మామూలేనని ఇంట్లో అందరూ అన్నారు. మామూలు వాపు చాలావరకు రెండు పాదాలకీ వస్తుంది, రాత్రి పడుకుని లేస్తే కాస్త తగ్గుతుంది. నాకు మాత్రం ఒక్క ఎడమ కాలే వాచింది. పిక్క బిగుసుకుపోయి, ముట్టుకుంటే వేడిగా ఉండేది. నడిస్తే తొడ దాకా లాగేది. మేడమ్ టేపు తీసి రెండు పిక్కల చుట్టుకొలతా కొలిచి, తేడా చూసి, అప్పటికప్పుడు డాప్లర్ స్కాన్‌కి పంపారు. స్కాన్ చేసే డాక్టర్ ప్రోబుతో కాలిని అక్కడక్కడా నొక్కుతూ వెళ్లారు. నొక్కినప్పుడు మంచి సిర పూర్తిగా అణిగిపోయి తెర మీద మాయమవుతుంది. గడ్డ ఉన్న చోట ఎంత నొక్కినా అణగదు. తొడ దగ్గర ఆ గుండ్రటి మచ్చ అలాగే ఉండిపోవడం నేను కూడా చూశాను. డీవీటీ అన్నారు. అంటే కాలి లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టడం. ఆ గడ్డలో ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుందని చెప్పి ఆ రోజే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అప్పుడు చికిత్స డోసు, బరువును బట్టి లెక్కకట్టి రోజుకి రెండుసార్లు. రెండో గర్భంలో వేసుకున్నది గడ్డ రాకుండా ఆపే చిన్న డోసు.

గర్భంలో ఎందుకిలా అవుతుందని అడిగితే మేడమ్ ఓపిగ్గా చెప్పారు. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం ముందు నుంచే రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. పెరిగిన గర్భసంచి కటి భాగంలోని సిరలను నొక్కడంతో కాళ్ల నుంచి రక్తం పైకి నిదానంగా వెళ్తుంది. ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా ఒక ధమని అడ్డంగా వెళ్తుంది కాబట్టి అటువైపు ఒత్తిడి ఇంకా ఎక్కువ. గర్భంలో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఎడమ కాలిలోనే రావడానికి ఇదొక కారణమట. పైగా ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. నాకు రెండోసారి ఇంజెక్షన్ తప్పకపోవడానికి కారణం ఇదే.

మాత్రలు ఇవ్వొచ్చు కదా అని మా ఆయన అడిగారు. వార్ఫరిన్ మాత్ర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, ముఖ్యంగా మొదటి నెలల్లో బిడ్డ ఎదుగుదలకి హాని చేయగలదు. రివరాక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలు కూడా గర్భంలో వాడరు. హెపారిన్ జాతి మందులు మాయ దాటవు. నాకు రాసింది ఆ జాతిలోదే, ఎనాక్సాపారిన్. దాన్ని పంది పేగుల పొర నుంచి తయారుచేస్తారు. ఆ విషయంలో ఎవరికైనా అభ్యంతరం ఉంటే మొదట్లోనే డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. రక్తం పలచబడే ఇంజెక్షన్ అని అందరం అంటాం గానీ, నిజానికి అది రక్తం గడ్డకట్టే పనిని నెమ్మదింపజేస్తుంది. ఉన్న గడ్డని అది కరిగించదు, పెరగకుండా చూస్తుంది. కరిగించుకునే పని శరీరమే చేసుకుంటుంది.

నా బరువుకి రోజుకి 40 మిల్లీగ్రాములు రాశారు. మొదలుపెట్టే ముందు కిడ్నీల పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క చూశారు. ఈ మందు ఎక్కువగా కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి అవి సరిగ్గా లేకపోతే డోసు తగ్గించాలి. ప్లేట్‌లెట్లు ఎందుకంటే, హెపారిన్ వాడేవాళ్లలో కొద్దిమందికి అవి ఒక్కసారిగా పడిపోతాయి. అలా పడిపోవడం సాధారణంగా మొదలుపెట్టిన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య కనిపిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం కారుతుందని అనుకుంటాం. ఈ జబ్బులో మాత్రం తిరిగి కొత్త గడ్డలు ఏర్పడతాయి. అందుకని మొదలుపెట్టాక మళ్లీ ఒకసారి రక్తం తీసి చూశారు. నావి బాగానే ఉన్నాయి.

మొదటి ఇంజెక్షన్ హాస్పిటల్లో సిస్టర్ చేశారు. "ఇవాళ నేను చేస్తాను, నువ్వు చూడు. రేపు వచ్చి నా ముందే నువ్వు చెయ్యాలమ్మా" అన్నారు. ఆవిడ నేర్పిన పద్ధతినే చివరి దాకా పాటించాను.

చేతులు సబ్బుతో కడుక్కుని, పొట్ట కనిపించేలా కాస్త వెనక్కి వాలి కూర్చోవాలి. బొడ్డు చుట్టూ రెండు అంగుళాల మేర వదిలేసి, కుడి పక్కకో ఎడమ పక్కకో చోటు చూసుకోవాలి. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. కమిలిన చోట, పాత కుట్ల మచ్చ మీద వేయకూడదు. స్పిరిట్ దూదితో తుడిచాక పూర్తిగా ఆరనివ్వాలి, తడిగా ఉండగా గుచ్చితే మంట పుడుతుంది. సిరంజిలో మందు ముందే నింపి వస్తుంది, అందులో చిన్న గాలి బుడగ ఉంటుంది. మా ఆయన అది చూసి కంగారుపడి, బయటికి నెట్టేయమన్నారు. సిస్టర్ వద్దన్నారు. సిరంజిలోని మందంతా వేసుకునేవాళ్లు ఆ బుడగని అలాగే ఉంచాలి, తీయబోతే మందు కూడా కొంత పోతుంది. సిరంజిలో కొంత మందే వేసుకోవాల్సినవాళ్లకి పద్ధతి వేరుగా ఉంటుంది, వాళ్లు సిస్టర్ దగ్గర విడిగా నేర్చుకోవాలి. సూది కొనన మందు చుక్క నిలిస్తే, సూదిని కిందికి ఉంచి వేలితో మెల్లగా తట్టి రాల్చేయాలి. ఆ చుక్క చర్మంలోకి వెళ్తే కమిలిపోతుంది.

తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని మెల్లగా మడతలా పట్టుకుని, సూదిని నిటారుగా, మొత్తం లోపలికి దించాలి. ఏటవాలుగా గుచ్చడం, సగం దించి ఆపడం చేయకూడదు. మందు చర్మం కింది కొవ్వులోకి వెళ్లాలి. ప్లంజర్‌ని తొందరపడకుండా, మనసులో పది లెక్కపెట్టుకుంటూ చివరిదాకా నొక్కాలి. మడతని అంతసేపూ వదలకూడదు. సూది నిటారుగా బయటికి తీశాకే వదలాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వేసిన చోట రుద్దకూడదు. ఇంజెక్షన్ అవ్వగానే దూదితో రుద్దడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈ ఇంజెక్షన్‌కి రుద్దితే చర్మం కింద రక్తం పరుచుకుని పెద్ద మచ్చ అవుతుంది. రక్తం చుక్క వస్తే దూది ఆనించి అలా పట్టుకుంటే చాలు.

రెండో రోజు సిస్టర్ ముందు నేనే చేసుకున్నాను. చెయ్యి వణికింది. సూది దిగడం దాదాపు తెలియలేదు గానీ మందు లోపలికి వెళ్తున్నప్పుడు చురుక్కుమంది, ఆ మంట కొన్ని నిమిషాలుండి పోయింది. సూది పొడవు అర అంగుళమే అని సిస్టర్ చూపించాక నాకు చాలా టెన్షన్ తగ్గింది. అదే విషయం తర్వాత మా ఆడపడుచుకి కూడా చెప్పాల్సి వచ్చింది. "వదినా, కడుపులో సూదా? బిడ్డకి తగలదా?" అని తను ఏడ్చినంత పని చేసింది. ఆ సూది కొవ్వు దాటదు. దాని వెనక కండరం, ఆ వెనక గర్భసంచి గోడ ఉంటాయి. బిడ్డ దాకా వెళ్లే దారే లేదు. నెలలు నిండి పొట్ట చర్మం బిగిసిపోయాక ముందు వైపు మడత దొరకడం కష్టమైంది, అప్పుడు బాగా పక్కలకి జరిగి వేసుకున్నాను. తొడ బయటి వైపు పైభాగంలో కూడా వేసుకోవచ్చని చెప్పారు గానీ నాకు ఆ అవసరం రాలేదు.

ఇంట్లో వేసుకున్నప్పుడు వాడిన సూదులు పెద్ద బాధ్యత. మా పెద్దది పాకుతూ, నడుస్తూ అన్నీ అందుకునే వయసులో ఉంది. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టబోతేనే ఎక్కువమందికి గుచ్చుకుంటుంది కాబట్టి ఆ పని చేయొద్దన్నారు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా, స్క్రూ మూత ఉన్నది, ఒకటి పెట్టుకుని నేరుగా అందులో వేసేదాన్ని. డబ్బా అలమర పైఅరలో ఉండేది. నిండిన డబ్బాని హాస్పిటల్‌కే తిరిగి ఇచ్చేవాళ్లం. చెత్తబుట్టలో వేస్తే చెత్త తీసేవాళ్ల చేతికి గుచ్చుకుంటుంది, ఆ పాపం మనకెందుకు. ఇక మందు నిల్వకి ఫ్రిజ్ అక్కర్లేదు, 25 డిగ్రీలు దాటని చోట పెట్టుకోవాలి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు.

టైము విషయంలో రాత్రి తొమ్మిది పెట్టుకున్నాను. ఫోన్‌లో అలారం, క్యాలెండర్ మీద తేదీ పక్కన "కు" లేదా "ఎ". ఎటు పక్క వేసుకున్నానో, అసలు వేసుకున్నానో లేదో అనే అనుమానం రాకుండా అది కాపాడింది. అనుమానంతో రెండోది వేసుకోవడం చాలా ప్రమాదం. ఒకసారి ప్రయాణంలో బస్సు ఆగిపోయి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే, తర్వాతి డోసుకి ఇంకా చాలా గంటలుంది కాబట్టి ఇప్పుడు వేసుకోమన్నారు. తర్వాతి డోసు టైము దగ్గరపడితే మాత్రం తప్పినదాన్ని వదిలేయాలి, రెండూ కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు అన్నారు.

పొట్ట మీద కమిలిన మచ్చలు వచ్చాయి. రూపాయి బిళ్లంత నీలం మచ్చ, రెండు రోజులకి పచ్చబడి, తర్వాత పోయేది. అవి మామూలే. ఏవి మామూలు కావో సిస్టర్ నాతో తిరిగి చెప్పించుకున్నారు: పది నిమిషాలు నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తం, బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి ఆగకుండా రక్తం, ఎర్రగా గానీ ముదురు గోధుమ రంగులో గానీ మూత్రం, తారు లాంటి నల్లటి విరేచనం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద మచ్చలు, ఎప్పుడూ రానంత తలనొప్పి. తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా హాస్పిటల్‌కి వెళ్లాలి. గర్భంలో కింద నుంచి ఏ కాస్త రక్తం కనిపించినా ఇంజెక్షన్ ఆపి ఫోన్ చేయాలి. ఇంజెక్షన్ వేసిన చోట దురదతో ఎర్రటి దద్దురులా లేచి తగ్గకపోయినా చెప్పాలి, అది మందు పడకపోవడం కావొచ్చు.

రెండో వైపు కూడా కళ్లు తెరుచుకుని ఉండాలి. మందు వాడుతున్నాం కదా గడ్డ రాదులే అనుకోకూడదు, అవకాశం తగ్గుతుందంతే. ఒక కాలు వాపు, పిక్క నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం. వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకూడదని మా ఆయనకి కూడా చెప్పి ఉంచారు.

చెప్పడం గురించి చాలా నొక్కి రాయాలనుంది. ఈ మందు వాడుతున్నట్టు మన మొహం మీద రాసి ఉండదు. ధనుర్వాతం టీకా వేయించుకోవడానికి వెళ్లినప్పుడు ముందే చెప్పాను. అది కండలోకి వేసే ఇంజెక్షన్ కాబట్టి సన్నటి సూది తీసుకుని, వేశాక రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకున్నారు. చెప్పకపోతే చెయ్యి లోపల రక్తం చేరి గట్టిపడేదేమో. పన్ను నొప్పికి వెళ్లినా చెప్పాలి. నొప్పి మాత్రల విషయంలో ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దన్నారు. తలనొప్పి, ఒళ్లునొప్పులకి పారాసెటమాల్. కొంతమంది గర్భిణులకి బీపీ పెరగకుండా డాక్టర్లే చిన్న డోసు ఆస్పిరిన్ రాస్తారు. అలా రాసిస్తే అది లెక్క చూసి రాసినదే, భయపడి మానేయకూడదు. "మూలికలే కదా, ఏమవుతుంది" అని ఎవరైనా ఇచ్చే పొడులు, క్యాప్సూల్స్ కూడా అడగకుండా వేసుకోకూడదు. కొన్నిటికి రక్తస్రావాన్ని పెంచే గుణం ఉంటుంది.

తొమ్మిదో నెలకి ముందు మేడమ్ మమ్మల్ని మత్తు డాక్టర్‌తో కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన అరగంట అది. నొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్, సిజేరియన్‌కి ఇచ్చే వెన్ను మత్తు, రెండిటికీ వెన్నెముక దగ్గర సూది వెళ్తుంది. రక్తం గడ్డకట్టని సమయంలో అక్కడ చిన్న రక్తనాళం చిట్లితే, చేరిన రక్తం నరాలను నొక్కి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ దాన్ని టైముతో తప్పించవచ్చు. నాలాంటి చిన్న డోసు వాడేవాళ్లకి చివరి ఇంజెక్షన్ తర్వాత కనీసం 12 గంటలు, చికిత్స డోసు వాడేవాళ్లకి 24 గంటలు గడవాలి. ఆయన నా ఫైల్ మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చారు: నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా ఇంజెక్షన్ వేసుకోవద్దు, ముందు ఫోన్ చేయండి. ఆ కాగితాన్ని మా ఆయన ఫోన్‌తో ఫోటో తీసి మా అమ్మకి కూడా పంపారు.

ఒక సాయంత్రం ఏడు దాటాక నొప్పులు మొదలయ్యాయి. అవి నిజం నొప్పులో, దొంగ నొప్పులో తెలియని పరిస్థితి. తొమ్మిదికి అలారం మోగింది. ఫైల్ మీద రాసినట్టే సిరంజి ముట్టకుండా ఫోన్ చేశాం, రమ్మన్నారు. లేబర్ రూమ్‌లో మత్తు డాక్టర్ నా పేరు కన్నా ముందు అడిగింది, "చివరి ఇంజెక్షన్ ఎప్పుడు?" అని. "నిన్న రాత్రి తొమ్మిదికి, 40 మిల్లీగ్రాములు" అన్నాను. ఆయన గడియారం చూసి, 24 గంటలు దాటింది, బాగుంది అన్నారు. ప్లేట్‌లెట్ల రిపోర్టు చూసి ఎపిడ్యూరల్ పెట్టారు. ఆ రాత్రి తొమ్మిదికి నేను వేసుకుని ఉంటే, మర్నాడు ఉదయం తొమ్మిది దాకా నడుములో సూది పెట్టేవాళ్లు కాదు. బాబు తెల్లారుజామున పుట్టేశాడు.

కాన్పు తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలనేదానికీ లెక్క ఉంది. నడుములో పెట్టిన సన్నటి గొట్టం తీశాక కనీసం నాలుగు గంటలు ఆగాలి, రక్తస్రావం అదుపులో ఉండాలి. అన్నీ చూసుకుని ఆ రోజు సాయంత్రం ఇంజెక్షన్ ఇచ్చారు. డ్యూటీ మారాక వచ్చిన కొత్త సిస్టర్ కుట్ల నొప్పికి డైక్లోఫెనాక్ తెచ్చారు. ఆవిడకి నా ఫైల్ చూసే తీరిక ఉండి ఉండదు. "సిస్టర్, నేను ఎనాక్సాపారిన్‌లో ఉన్నాను, ఒకసారి డాక్టర్‌ని అడుగుతారా" అన్నాను. ఆవిడ అడిగి వచ్చి పారాసెటమాల్ ఇచ్చారు. అలా అడగడంలో మొహమాటం ఉండకూడదు.

ఇంటికి వచ్చాక నేను చాలా గట్టిగా నిలబడాల్సి వచ్చింది. "కాన్పు అయిపోయిందిగా, ఇంకా ఎందుకమ్మా ఆ సూదులు? బిడ్డకి పాలిస్తున్నావు" అని అమ్మ. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. కానీ గడ్డకట్టే ప్రమాదం రోజువారీ లెక్కలో గర్భం ఉన్నప్పటికన్నా కాన్పు తర్వాతి వారాల్లోనే ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలోనే మనం మంచం మీద ఎక్కువ పడుకుంటాం, నీళ్లు తక్కువ తాగుతాం, మందులు మరిచిపోతాం. పాల సంగతికొస్తే, ఈ మందు పాలలోకి చేరేది చాలా తక్కువ, అదీ బిడ్డ కడుపులోకి వెళ్లాక ఒంటికి పట్టదు. మేడమ్ స్వయంగా ఫోన్‌లో అమ్మకి ఇది చెప్పాకే ఇంట్లో మాట ఆగింది. మర్నాటి నుంచి అమ్మే తొమ్మిదింటికి బాబుని ఎత్తుకుని, "వెళ్లి వేసుకో" అనేది. రోజూ ఇంట్లోనే అటూ ఇటూ నడిచాను, నీళ్ల సీసా పక్కనే పెట్టుకున్నాను. కాన్పు తర్వాత వచ్చే రక్తస్రావం మామూలే అయినా, గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే, పెద్ద పెద్ద గడ్డలు పడితే వెంటనే రమ్మన్నారు. నాకు అంత అవ్వలేదు.

ఆరు వారాలకి వెళ్లినప్పుడు మేడమ్ కాళ్లు రెండూ చూసి ఇంజెక్షన్ ఆపేశారు. మిగిలిన మాట గర్భనిరోధం గురించి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు నేను వాడకూడదు, అవి గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. కాపర్-టీ పెట్టించుకున్నాను. ముందు ముందు ఏ ఆపరేషన్ అయినా, కాలు విరిగి కట్టుతో మంచం పట్టినా, మొదట చెప్పాల్సిన మాట "నాకు ఇంతకుముందు డీవీటీ వచ్చింది" అని. ఆ మాట ఇప్పుడు నా ఫైల్ మీదా, ఫోన్ మెడికల్ ఐడీలోనూ, మా ఆయన పర్సులోని చీటీ మీదా రాసి ఉంది.